అప్పీలు పెండింగ్‌లో ఉండగానే కోర్టులో ఎంవోలు (కేసులో సాక్ష్యంగా పెట్టిన వస్తువులు) తగలబెట్టేశారట. ఇప్పుడు దారేంటి?

గోదారిగట్టు రవి:
అందరికీ నమస్కారం. ఈ విభాగంలో పోస్టులు చదువుతూ ఉంటాను, రాయడం మాత్రం ఇప్పుడే.

మా బావ మీద 2016లో హత్య కేసు పెట్టారు. 2019లో సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది. హైకోర్టులో అప్పీలు వేశాం, అడ్మిట్ అయింది, బెయిలు రాలేదు, వాదనలు ఇంకా మొదలవలేదు. ఈ మధ్య లాయరును మార్చాం. కొత్త లాయరు గారు కాగితాలన్నీ చదివి ఒక మాట పట్టుకున్నారు. బావ ఇంట్లో దొరికిందని చెప్పిన తువ్వాలు మీద ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) వాళ్ళు మనిషి రక్తం అని మాత్రమే తేల్చారు. బ్లడ్ గ్రూప్ తేలలేదు. డీఎన్‌ఏ పరీక్ష అసలు ఎవరూ అడగలేదు. ఇప్పుడైనా అడుగుదాం అన్నారు.

సరే, తువ్వాలు ఎక్కడుందో కనుక్కుందామని ట్రయల్ కోర్టుకి వెళ్ళాను. అక్కడ ఒకాయన రిజిస్టర్ తిరగేసి "ఆ కేసు ప్రాపర్టీ డిస్ట్రాయ్ అయిపోయిందండీ, 2021లోనే" అని చెప్పి, పుస్తకం మూసేసి టీకి వెళ్ళిపోయాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తీర్పు చివరి పేరాలో ఎంవో 1 నుంచి 9 వరకు అప్పీలు గడువు తీరాక, అప్పీలు వేస్తే అది తేలాక ధ్వంసం చేయాలని రాసి ఉంది మరి!

ఇలా చేయొచ్చా? బాధ్యత ఎవరిది, పోలీసులదా, పీపీదా (పబ్లిక్ ప్రాసిక్యూటర్‌దా), కోర్టుదా? అప్పీల్లో దీనివల్ల మాకు లాభమా, నష్టమా? అక్క రోజూ ఫోన్ చేసి అడుగుతోంది. కోర్టు పేరు, ఊరి పేరు రాయను, దయచేసి అడగొద్దు.

సుభాషిణి అడ్వకేట్:
రవి గారూ, ముందు ఆ నోటిమాటను పక్కన పెట్టండి. "అయిపోయింది" అని చెప్పినవి తర్వాత బీరువా వెనక దొరికిన కేసులు ఉన్నాయి. కాపీ అప్లికేషన్ పెట్టి మూడు అడగండి: ప్రాపర్టీ రిజిస్టర్లో మీ కేసు ఎంట్రీ, ధ్వంసం చేయమన్న ఉత్తర్వు, ధ్వంసం చేసినప్పుడు రాసిన ప్రొసీడింగ్స్. ఆర్టీఐ వేస్తే "కాపీ రూల్స్ ప్రకారం రండి" అని తిప్పి పంపుతారు, టైమ్ వేస్టు.

చేయొచ్చా అంటే, చేయకూడదు. మీ కేసుకి వర్తించేది పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 452. అందులో నాలుగో సబ్ సెక్షన్ చదవండి. ప్రాపర్టీ గురించి తీర్పులో ఇచ్చిన ఉత్తర్వును రెండు నెలల వరకు అమలు చేయకూడదు. అప్పీలు దాఖలైతే అది తేలేదాకా అమలు చేయకూడదు. మినహాయింపు పశువులకు, త్వరగా పాడైపోయే వస్తువులకు, బాండు రాయించుకుని ఇచ్చేసిన వాటికి మాత్రమే. తువ్వాలు వీటిలోకి రాదు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో ఇదే సెక్షన్ 498 అయింది.

పాత శిరస్తాదారు:
నేను కోర్టు ఉద్యోగంలోనే రిటైర్ అయ్యాను. రవి గారికి జరిగింది వింటే బాధగా ఉంది కానీ ఆశ్చర్యంగా లేదు.

బయటివాళ్ళకి తెలియని విషయం చెబుతాను. పోలీసులు సీజ్ చేసిన వస్తువు ముందు మేజిస్ట్రేట్ కోర్టుకి వస్తుంది. అక్కడ దానికి సీపీఆర్ నంబరు, అంటే ప్రాపర్టీ రిజిస్టర్ నంబరు పడుతుంది. కేసు కమిట్ అయ్యాక, అంటే సెషన్స్ కోర్టుకి పంపాక, వస్తువు కూడా అక్కడికి వస్తుంది, సాక్షి గుర్తుపట్టాక ఎంవో నంబరు పడుతుంది. తెల్లగుడ్డ మూట, దాని మీద లక్క సీలు, మధ్యవర్తుల సంతకాలతో చీటీ. వానాకాలం రెండు గడిస్తే ఆ చీటీ మీద ఇంకు అలుక్కుపోతుంది, జిగురు ఊడి చీటీ కింద పడుతుంది. ఏ మూట ఏ కేసుదో తెలియనివి ప్రతి ప్రాపర్టీ రూమ్‌లోనూ ఉంటాయి. రూము అంటే మళ్ళీ పెద్దగా ఊహించుకోకండి. కత్తులు, కర్రలు, గొడ్డళ్ళు, నాటు సారా క్యాన్లు, రక్తపు బట్టలు, ఒక మూల సైకిల్ ఫ్రేము. అన్నీ ఒకే గదిలో. ఫ్యాను కూడా ఉండదు.

ఇక అసలు లొసుగు. హైకోర్టు అప్పీలు అడ్మిట్ చేసి రికార్డులు పంపమంటుంది. మేము కాగితాల కట్ట పంపుతాం. ఎంవోలు పంపం, ప్రత్యేకంగా అడిగితే తప్ప. అంటే ఫైలు అమరావతిలో, మూట మన దగ్గర. కాగితాలు చూసే సెక్షన్ గుమాస్తా వేరు, ప్రాపర్టీ చూసే గుమాస్తా వేరు. అప్పీలు నంబరు ఎర్ర ఇంకుతో ప్రాపర్టీ రిజిస్టర్ రిమార్క్స్ కాలమ్‌లో ఎక్కించాలి. ఎక్కించకుండా మొదటాయన బదిలీ అయిపోతాడు. తర్వాత వచ్చినాయన ఇన్‌స్పెక్షన్ ముందు గది ఖాళీ చేయాలని పాత నంబర్లన్నీ జాబితా రాసి సంతకానికి పెడతాడు. కాలమ్ ఖాళీగా కనబడితే అప్పీలు లేదనే లెక్క. కోర్టు వెనక పెరట్లో కిరసనాయిలు పోసి అంటిస్తారు.

కుట్ర అని నేను అనను. చాలాసార్లు ఇంతే జరుగుతుంది.

కృష్ణలంక శ్రీను:
శిరస్తాదారు గారూ, "ఇంతే" అని తేలిగ్గా అనేశారు. మా బెజవాడ వాళ్ళకి అలా అనిపించదు. 2007 డిసెంబర్‌లో ఇబ్రహీంపట్నం లేడీస్ హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయిని చంపేసిన కేసు గుర్తుంది కదా. 2008లో ఒక కుర్రాడిని పట్టుకున్నారు. 2010లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని వదిలేసి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్య తీసుకోమంది.

మరి చంపిందెవరు? మళ్ళీ మొదట్నుంచి దర్యాప్తు చేయమంటే 2018లో సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేశారు. వాళ్ళు ఆధారాల కోసం కోర్టుకి వెళ్తే అక్కడ ఏమీ లేవు. అప్పీలు హైకోర్టులో ఉండగానే విజయవాడ కోర్టులో వాటిని ధ్వంసం చేసేశారు! హైకోర్టు ఆ ఏడాది చివర్లో కేసును సీబీఐకి ఇచ్చింది. సీబీఐ హత్య మీద ఒక కేసు, ఆధారాల ధ్వంసం మీద ఇంకో కేసు పెట్టింది. చివరికి 2019 డిసెంబర్‌లో తెనాలిలో ఆ అమ్మాయి సమాధి తవ్వి మళ్ళీ పోస్టుమార్టం చేయాల్సి వచ్చింది. పన్నెండేళ్ళ తర్వాత! గదిలో ఒక మూట సరిగా ఉంచి ఉంటే ఆ తల్లిదండ్రులకి ఆ రోజు చూడాల్సిన ఖర్మ ఉండేదా?

మాడరేటర్:
శ్రీను గారి పోస్టులో ఉన్న పేర్లు తీసేశాను. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి పేరు రాయడం నేరం, అందరికీ తెలిసిన పేరైనా సరే. ఈ థ్రెడ్‌లో ఎవరూ రాయొద్దు.

వరంగల్ సమ్మయ్య:
నాదొక డౌటు. ఇక్కడ అందరూ ముద్దాయి వైపు నుంచే మాట్లాడుతున్నారు. వస్తువు పోతే లాభపడేది ముద్దాయే కదా? "వస్తువు ఏదీ, చూపించు" అని లాయరు అడుగుతాడు, కేసు పోతుంది. మా చుట్టాల్లో ఒకామెకి అట్లనే అయింది. కింది కోర్టు కొట్టేసింది, అప్పీలుకు పోదామనుకునే లోపే సామాను లేదన్నారు.

సుభాషిణి అడ్వకేట్:
సమ్మయ్య గారు మంచి పాయింటు పట్టుకున్నారు. ఇది లాయర్లు కూడా పట్టించుకోని సంగతి. శిక్ష పడితే హైకోర్టుకి అప్పీలు గడువు 60 రోజులు. అందుకే సెక్షన్‌లో రెండు నెలలు అన్నారు. కానీ కేసు కొట్టేస్తే ప్రభుత్వం వేసే అప్పీలుకి 90 రోజులు ఉంటుంది. అంటే 61వ రోజున మూట కాల్చేస్తే సెక్షన్ ప్రకారం తప్పు కాదు, కానీ ప్రభుత్వానికి ఇంకో నెల గడువుంది. బాధితులు వేసే అప్పీలు సంగతి సరేసరి. పైగా ఆలస్యాన్ని క్షమించి అప్పీలు తీసుకునే అధికారం కోర్టుకి ఉంది, జైలు నుంచి వచ్చే అప్పీళ్ళు అలా తీసుకున్నవి ఉన్నాయి. హైకోర్టులో ఓడిపోయాక సుప్రీంకోర్టుకి వెళ్ళడానికి మళ్ళీ 90 రోజులు. వీటన్నిటికీ సరిపోయే గడువు ఆ సెక్షన్లో లేదు. కొత్త చట్టం తెచ్చినప్పుడు సరిచేస్తారనుకున్నాం, సెక్షన్ నంబరు మార్చి ఊరుకున్నారు.

వస్తువు పోతే ముద్దాయికే లాభం అనే మాట మాత్రం అన్ని కేసులకీ కాదు. రవి గారి బావకి ఆ తువ్వాలే ఆఖరి ఆశ అయి ఉండొచ్చు.

మాజీ ఏపీపీ:
ప్రాసిక్యూషన్ వైపు నుంచి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

మన దగ్గర పీపీ చేతిలో వస్తువు ఉండదు. సినిమాల్లో చూపించినట్టు పీపీ టేబుల్ మీద పాలిథిన్ కవర్లో కత్తి ఉండదు. చార్జిషీటు వరకు ఐవో (దర్యాప్తు అధికారి) దగ్గర, ఆ తర్వాత కోర్టు దగ్గర. వాయిదా రోజు కోర్టు కానిస్టేబులు, ప్రాపర్టీ గుమాస్తా కలిసి మూట తెచ్చి పెడితే సాక్షికి చూపిస్తాం, మళ్ళీ లోపలికి పోతుంది. జిల్లాలో కేసు నడిపిన పీపీకి హైకోర్టు అప్పీలు సంగతి అధికారికంగా ఎవరూ చెప్పరు. అక్కడ వేరే పీపీ ఆఫీసు. అందుకని "పీపీ ఎందుకు కాపాడలేదు" అంటే నాకు నవ్వొస్తుంది.

అయితే పీపీ చేతులు దులుపుకోవచ్చా అంటే, అదీ కాదు. ధ్వంసం జాబితా సంతకానికి పెట్టేముందు పీపీ ఆఫీసుని "ఈ నంబర్లలో దేని మీదైనా అప్పీలు ఉందా" అని అడిగి జవాబు తీసుకునే పద్ధతి కొన్నిచోట్ల ఉండేది. అది రాతపూర్వకంగా అన్ని జిల్లాల్లో తప్పనిసరి చేస్తే సగం గొడవ తీరుతుంది.

ఇంకోటి. పోలీసులు సేకరించి కూడా కోర్టుకి పెట్టని వస్తువులు ఉంటాయి. వాటి గతి మరీ అన్యాయం. వాటికి సీపీఆర్ నంబరే పడదు, స్టేషన్లోనే మగ్గుతాయి. 2022లో మనోజ్ వర్సెస్ మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ప్రాసిక్యూషన్ తాను ఆధారపడని పత్రాలు, వస్తువులు, వాంగ్మూలాల జాబితా కూడా ముద్దాయికి ఇవ్వాలని. రవి గారి కేసులో అలాంటి జాబితా ఇచ్చి ఉండరు, అప్పటికి ఆ తీర్పే లేదు. ఇప్పుడు అడగండి. పంచనామాలో రాసిన వస్తువులెన్ని, ఎఫ్‌ఎస్‌ఎల్‌కి వెళ్ళినవెన్ని, ఎంవోలుగా మార్క్ అయినవెన్ని? మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటుంది, రాసి పెట్టుకోండి.

పాడేరు ప్రసాద్:
మధ్యలో దూరుతున్నా. గంజాయి కేసుల్లో ఇదంతా తలకిందులుగా ఉంటుంది. అక్కడ సరుకు ఉంచడమే సమస్య. ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టం 52ఏ కింద మేజిస్ట్రేటు ఎదుట జాబితా రాసి, ఫోటోలు తీసి, శాంపిల్స్ తీసి ధ్రువీకరిస్తే, సరుకు కాల్చేసినా ఆ జాబితా, ఫోటోలు, శాంపిల్సే ప్రధాన సాక్ష్యం. 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా పాటించమంది. పాటించకపోతే ఏమవుతుందో మథుర పోలీసులు చూపించారు. 2022లో 581 కేజీల గంజాయి ఎలుకలు తినేశాయని కోర్టుకి చెప్పారు. మత్తులో ఆ ఎలుకలు ఏమయ్యాయో ఎవరూ చెప్పలేదు.

కృష్ణలంక శ్రీను:
ఎలుకలే కాదు, కుక్కలు కూడా. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టులో బీరువా పగలగొట్టి ఒక కేసు తాలూకు బ్యాగు ఎత్తుకుపోయారు. ఇనుము దొంగిలించడానికి వచ్చినవాళ్ళు కుక్కలు మొరిగితే లోపలికి దూరారని పోలీసులు చెప్పారు. హైకోర్టు దాన్ని కూడా సీబీఐకి ఇచ్చింది.

మాడరేటర్:
ఆ కేసులో రాజకీయాలున్నాయి. దాని మీద చర్చ ఇక్కడితో ఆపండి.

డాలస్ కిరణ్:
అమెరికాలో పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో పారాలీగల్‌గా పనిచేస్తాను. ఇక్కడ చట్టాలు బ్రహ్మాండంగా ఉంటాయని మనవాళ్ళు అనుకుంటారు, అందుకే రాస్తున్నాను.

1983లో అరిజోనాలోని టూసాన్‌లో పదేళ్ళ పిల్లవాడి మీద అఘాయిత్యం జరిగింది. లారీ యంగ్‌బ్లడ్ అనే అతన్ని పట్టుకున్నారు. పిల్లవాడి బట్టల్ని పోలీసులు ఫ్రిజ్‌లో పెట్టలేదు, మరకలు పరీక్షకు పనికిరాకుండా పోయాయి. 1988లో అమెరికా సుప్రీంకోర్టు ఏమన్నదంటే, పనికొచ్చే అవకాశం ఉన్న ఆధారం పోయిందంటే సరిపోదు, పోలీసులు దురుద్దేశంతో పోగొట్టారని ముద్దాయి రుజువు చేయాలి. జైల్లో ఉన్నవాడు అది ఎలా రుజువు చేస్తాడు? శిక్ష ఖాయమైంది. 2000లో కొత్త డీఎన్‌ఏ పద్ధతితో, మిగిలిన ఒక చిన్న నమూనా పరీక్షిస్తే అతను కాదని తేలింది. తర్వాత అసలు మనిషి కూడా దొరికాడు. ఆ తీర్పు మాత్రం ఇప్పటికీ చెల్లుతూనే ఉంది.

అప్పీలు నడుస్తుండగా ధ్వంసం అంటే ఇంకా సరిగ్గా సరిపోయేది రిచర్డ్ గ్లాసిప్ కేసు. 1997లో ఒక్లహోమా సిటీలో మోటెల్ యజమాని హత్య. 1998లో మరణశిక్ష, 2001లో పైకోర్టు దాన్ని కొట్టేసింది, 2004లో మళ్ళీ విచారణ, మళ్ళీ మరణశిక్ష. మధ్యలో 1999లో, అంటే మొదటి అప్పీలు ఇంకా తేలకముందే, ఒక పెట్టెడు ఆధారాలను ప్రాసిక్యూటర్ ఆఫీసు చెబితే పోలీసులు నాశనం చేశారు. రెండో విచారణకి అవి లేవు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు శిక్ష రద్దు చేసి మళ్ళీ విచారణ జరపమంది. ప్రధాన సాక్షి అబద్ధం చెబుతున్నాడని తెలిసీ ప్రాసిక్యూటర్లు సరిదిద్దలేదన్నది అసలు కారణం. శిక్ష నిలబడదని రాష్ట్ర అటార్నీ జనరలే ఒప్పుకోవడం విశేషం.

ఫెడరల్ కేసులకి మాత్రం 2004లో చట్టం చేశారు. మనిషి జైల్లో ఉన్నంతకాలం జీవసంబంధ నమూనాలు ఉంచాలి, పరీక్ష జరగకూడదని కావాలని నాశనం చేస్తే ఐదేళ్ళ వరకు జైలు. రాష్ట్రాల్లో ఎక్కడి రూలు అక్కడే.

మాజీ ఏపీపీ:
కిరణ్ గారూ, ఆ దురుద్దేశం రుజువు చేయాలనే సూత్రాన్ని ఇక్కడికి దిగుమతి చేయకండి బాబూ. ఇక్కడి కోర్టులు ఇంకా అంత దూరం పోలేదు. మన దగ్గర ప్రశ్న వేరు: చూపించగలిగిన ఆధారం చూపించకపోతే అది వ్యతిరేకంగా ఉండేదని కోర్టు ఊహించవచ్చు. పాత ఎవిడెన్స్ యాక్టు 114లో ఉదాహరణ, ఇప్పటి బీఎస్‌ఏలో 119.

వరంగల్ సమ్మయ్య:
అయితే నేను చెప్పిందే కదా సార్. సామాను పోతే ముద్దాయికే లాభం.

మాజీ ఏపీపీ:
సమ్మయ్య గారూ, "ఊహించవచ్చు" అన్నాను, "ఊహించాలి" అనలేదు. పైగా రవి గారి కేసులో ఆ తువ్వాలు విచారణలో అందరూ చూశారు, ఎంవోగా మార్క్ అయింది. ప్రాసిక్యూషన్ దాచిందేమీ లేదు. పోయింది తర్వాత, కోర్టు అదుపులో. ఈ ఊహ అక్కడ సులువుగా పారదు.

మాంచెస్టర్ మాధవి:
మా ఊరి కేసు ఒకటి రవి గారికి పనికొస్తుందేమో. ఆండ్రూ మాల్కిన్‌సన్ అనే ఆయనకి 2004లో అత్యాచారం కేసులో శిక్ష పడింది. చేయలేదని మొదట్నుంచి చివరిదాకా అదే మాట మీద ఉన్నాడు. ఒప్పుకుని ఉంటే ముందే వదిలేసేవారు, ఒప్పుకోలేదు కాబట్టి పదిహేడేళ్ళు లోపలే ఉన్నాడు. బాధితురాలి బట్టలు పోలీసులు ఎప్పుడో పారేశారు. ఉంచి తీరాల్సినవి. అతన్ని కాపాడింది ఏంటో తెలుసా? ఆ బట్టల నుంచి ల్యాబ్ వాళ్ళు అప్పట్లో తీసిన నమూనాలు ఫోరెన్సిక్ ఆర్కైవ్‌లో మిగిలి ఉండటం. వాటి మీద ఇంకొకరి డీఎన్‌ఏ దొరికింది. 2023 జులైలో అప్పీల్ కోర్టు శిక్ష రద్దు చేసింది.

అంటే, తువ్వాలు పోయినా తువ్వాలు నుంచి ల్యాబ్ తీసిన ముక్క ఎక్కడైనా ఉందేమో అడిగారా?

గోదారిగట్టు రవి:
మాధవి గారూ, ఆ ఆలోచనే రాలేదండీ. చాలా థ్యాంక్స్.

ఈలోగా కాపీ అప్లికేషన్ మీద రిజిస్టర్ ఎంట్రీ వచ్చింది. శిరస్తాదారు గారు చెప్పింది చెప్పినట్టే ఉంది. రిమార్క్స్ కాలమ్‌లో అప్పీలు నంబరు లేదు. "అప్పీలు గడువు తీరినందున" అని రాసి ధ్వంసం అని రబ్బరు స్టాంపు. కింద సంతకం ఎవరిదో చదవలేకపోయాను. ఒక విచిత్రం ఏంటంటే, ఎంవో 1 నుంచి 8 వరకే రాశారు. తీర్పులో 9 ఉన్నాయి. తొమ్మిదోది మృతుడి చొక్కా. తువ్వాలు మాత్రం ఎంవో 4, అది పోయినట్టే.

పాత శిరస్తాదారు:
తొమ్మిదోది వదలకండి. మర్చిపోయి వదిలేశారంటే ఇంకా గదిలో ఉన్నట్టే లెక్క. సాధారణంగా ఎఫ్‌ఎస్‌ఎల్ నుంచి ఆలస్యంగా తిరిగొచ్చిన పార్సిల్ వేరే అరలో పడుతుంది, పాత జాబితాలో చేరదు. వెంటనే మెమో వేయించి, దాన్ని ధ్వంసం చేయకుండా ఉత్తర్వు తీసుకోండి. మాట మీద వదిలేయొద్దు, వచ్చే ఇన్‌స్పెక్షన్‌కి అదీ మాయమవుతుంది.

సుభాషిణి అడ్వకేట్:
అదే ఈరోజు చేయాల్సిన పని. మృతుడి చొక్కా మీద అవతలి మనిషి తాలూకు నమూనా కూడా ఉండొచ్చు, పెనుగులాట జరిగిందని సాక్షులు చెప్పి ఉంటే మరీనూ. అందుకని తువ్వాలు గురించి ఏడుస్తూ చొక్కా పోగొట్టుకోకండి.

ఇప్పుడు హైకోర్టులో ఏం వేయాలో చెబుతాను, మీ లాయరు గారితో మాట్లాడుకోండి. అప్పీల్లో అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం సీఆర్‌పీసీ 391, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 432. దాని కింద చొక్కా డీఎన్‌ఏ పరీక్షకి ఒక పిటిషన్. ఎంవోలు ఎలా పోయాయో జిల్లా జడ్జి నుంచి రిపోర్టు తెప్పించమని ఇంకో పిటిషన్. రెండూ కలిపి ఒకటే వేయకండి, ఒకదాని వాయిదాలో రెండోది ఇరుక్కుంటుంది.

లాభమా నష్టమా అన్నారు. కాగితాల రికార్డు పోతే మన కోర్టులు చెప్పిన దారి ఒకటుంది. 2004లో అభయ్‌రాజ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, రికార్డు పోయిందని నేరుగా వదిలేయకూడదు, తిరిగి తయారుచేయడానికి ప్రయత్నించాలి, కుదరకపోతే మళ్ళీ విచారణ అంది. 2023లో ఒక రైల్వే ఉద్యోగి లంచం కేసులో, ట్రయల్ కోర్టు రికార్డు లేకుండానే శిక్ష ఖాయం చేయడం చెల్లదని చెప్పి ఆయన్ని విడుదల చేసింది. కానీ మీ కేసులో సాక్షుల వాంగ్మూలాలన్నీ హైకోర్టులో భద్రంగా ఉన్నాయి, పోయింది వస్తువులే. కాబట్టి "ఎంవో పోయింది, వదిలేయండి" అంటే వదలరు. డీఎన్‌ఏ చేయగలిగి కూడా చేయలేదు, ఇప్పుడు చేయాలన్నా రాష్ట్రం తప్పిదం వల్ల కుదరదు, కాబట్టి ఆ తువ్వాలును పూర్తిగా పక్కనపెట్టి మిగతా సాక్ష్యం చూడండి అని వాదించాలి. మిగతా సాక్ష్యం ఎంత గట్టిగా ఉందనేదే ఇక అసలు ప్రశ్న. అది కాగితాలు చూడకుండా ఇక్కడ ఎవరూ చెప్పలేరు, చెప్పినా నమ్మకండి.

కృష్ణలంక శ్రీను:
తగలబెట్టినవాళ్ళ మీద కేసు పెట్టొద్దా?

మాజీ ఏపీపీ:
సాక్ష్యం మాయం చేయడం అనే నేరానికి, అదే పాత ఐపీసీ 201, ఇప్పుడు బీఎన్‌ఎస్ 238, నేరస్థుణ్ణి కాపాడాలనే ఉద్దేశం ఉండాలి. కాలమ్ ఖాళీగా ఉందని కాల్చేసిన గుమాస్తాకి అది అంటదు. శాఖాపరమైన చర్య అంటే సరే. రవి గారు ఇప్పుడు ఆ గొడవలోకి దిగితే చొక్కా ఇవ్వాల్సిన ఆఫీసే ఎదురు తిరుగుతుంది. ముందు చొక్కా.

ఇంకొక్క మాట. 2025 జులైలో కట్టవెల్లై కేసులో సుప్రీంకోర్టు డీఎన్‌ఏ నమూనాల గురించి దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. తమిళనాడు తేనిలో జంట హత్యల కేసు, కింద మరణశిక్ష పడ్డ మనిషిని వదిలేస్తూ ఇచ్చిన తీర్పు. సేకరించిన నమూనా 48 గంటల్లో ల్యాబుకి చేరాలి. ట్రయల్ కోర్టు అనుమతి లేకుండా ప్యాకెట్ తెరవకూడదు, మళ్ళీ సీలు వేయకూడదు. చేతులు మారిన ప్రతిసారీ రాసే రిజిస్టర్ ఒకటి పెట్టి దాన్ని కోర్టు రికార్డుకి జతచేయాలి. మీ పిటిషన్లో దీన్ని ఉదహరించమనండి. చొక్కా బయటికి తీసేటప్పుడు సీలు ఎలా ఉందో ఫోటోతో సహా నమోదు చేయమని అడగండి, లేకపోతే రేపు ఫలితం మీకు అనుకూలంగా వచ్చినా "సీలు ఊడిపోయింది, కలుషితమైంది" అని మా వాళ్ళే అంటారు. నేనైతే అనేవాణ్ణి.

గోదారిగట్టు రవి:
అప్‌డేట్: మెమో వేశాం. చొక్కా ఉంది! పార్సిల్ ఎఫ్‌ఎస్‌ఎల్ సీలుతోనే ఉందని కోర్టు రాతపూర్వకంగా చెప్పింది, తదుపరి ఉత్తర్వుల వరకు ధ్వంసం చేయొద్దని ఆర్డరు ఇచ్చింది. హైకోర్టులో రెండు పిటిషన్లూ నంబరయ్యాయి. రిపోర్టు పిటిషన్ మీద పీపీ గారు టైమ్ అడిగారు. అక్కకి చెప్పాను, చాలా రోజుల తర్వాత కాస్త అన్నం తిన్నానంది.

తువ్వాలు నుంచి కోసిన ముక్క ఏమైనా మిగిలిందా అని ఎఫ్‌ఎస్‌ఎల్‌కి నేనే ఉత్తరం రాయొచ్చా?

పాత శిరస్తాదారు:
మీరు రాస్తే జవాబు రాదు. అప్పట్లో వస్తువులు మేజిస్ట్రేట్ కోర్టు లెటర్ ఆఫ్ అడ్వైజ్‌తో వెళ్ళి ఉంటాయి, వాళ్ళు కోర్టుకే జవాబు చెబుతారు. రిపోర్టు పిటిషన్లోనే ఆ ఒక్క లైను చేర్చమని మీ లాయరు గారికి చెప్పండి. లెటర్ నంబరు, తేదీ, ఎఫ్‌ఎస్‌ఎల్ ఫైలు నంబరు మీ దగ్గరున్న ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు మొదటి పేజీలో పైన ఉంటాయి. అవి లేకుండా అడిగితే వెతకరు.